ఇంట్లో నీరు ఎక్కడ లీకవుతోంది? ఏది మీరే సరిచేసుకోవచ్చు, ఎప్పుడు జలమండలికి ఫోన్ చేయాలి?

ట్యాప్ నుంచి చుక్కలు పడుతుంటే కింద బకెట్ పెడతాం. బాత్రూమ్ గోడ చెమ్మగిల్లితే పెయింట్ వేయిస్తాం. డాబా కారితే వానాకాలం అయ్యాక చూద్దాంలే అనుకుంటాం. లీకేజీ విషయంలో చాలా ఇళ్లలో జరిగేది ఇదే. బిల్లు పెరిగినప్పుడో, కింది ఫ్లాట్ వాళ్లు తలుపు తట్టినప్పుడో అసలు కంగారు మొదలవుతుంది.

చిన్న లీకేజీల్లో చాలావాటిని తక్కువ ఖర్చుతో ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. అయితే నీరు ఎక్కడి నుంచి వస్తోందో తేల్చకుండా సీలెంట్ పూస్తే డబ్బు దండగ. అందుకే ముందు లీకేజీ కనిపెట్టే పద్ధతి, తర్వాత మరమ్మతు, చివరగా అది ఎవరి బాధ్యతో చూద్దాం.

బిల్లుకు, లీకేజీకి సంబంధం ఏమిటి?

హైదరాబాద్‌లో జీహెచ్ఎంసీ పరిధిలోని గృహ కనెక్షన్లకు నెలకు 20 వేల లీటర్ల వరకు ఉచిత నీటి పథకం 2021 జనవరిలో మొదలైంది. ఇంటికి పనిచేసే మీటరు ఉండాలన్నది అందులో ముఖ్యమైన నిబంధన. బస్తీలకు మీటరు విషయంలో మినహాయింపు ఇచ్చారు. వాడకం 20 వేల లీటర్లు దాటితే టారిఫ్ ప్రకారం బిల్లు వస్తుంది.

ఒక్కసారి లెక్క వేసి చూడండి. నగరాల్లో ఒక్కో మనిషికి రోజుకు 135 లీటర్లు అవసరమన్నది నీటి సరఫరాలో పాటించే ప్రమాణం. ఆ లెక్కన నలుగురున్న ఇంటికి రోజుకు 540 లీటర్లు, నెలకు సుమారు 16,200 లీటర్లు కావాలి. అంటే ఉచిత పరిమితిలో మిగిలేది 3,800 లీటర్లే.

ఇప్పుడు ఫ్లష్ ట్యాంకు నుంచి నిమిషానికి 100 మిల్లీలీటర్లు కారుతోందనుకోండి. కమోడ్‌లో సన్నటి ధార తప్ప ఏమీ కనిపించదు, శబ్దం కూడా పెద్దగా ఉండదు. కానీ రోజుకు 144 లీటర్లు, నెలకు 4,300 లీటర్లకు పైగా పోతుంది. అదొక్కటే మిమ్మల్ని ఉచిత పరిమితి దాటించగలదు.

ఇది బిల్లుతో పోయే విషయం కూడా కాదు. కృష్ణా, గోదావరి నీళ్లను వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి పంపింగ్ చేసి నగరానికి తెస్తున్నారు. వేసవిలో ట్యాంకర్ బుక్ చేసుకునే ఇంట్లోనే అంత నీరు డ్రైనేజీలోకి పోతుంటుంది.

లీకేజీ ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

"ట్యాప్‌లన్నీ కట్టేసి మీటరు తిరుగుతుందేమో చూడండి" అని చాలాచోట్ల చెబుతుంటారు. 24 గంటలూ నీళ్లొచ్చే ఊళ్లకు అది సరిపోతుంది. మన దగ్గర నల్లా నీళ్లు కొన్ని గంటలే వస్తాయి. మీటరు దాటి సంపులో పడతాయి. అక్కడి నుంచి మోటారు పైకి ఎక్కిస్తుంది. కాబట్టి మూడు చోట్ల విడివిడిగా పరీక్షించాలి.

*1. మీటరు నుంచి సంపు దాకా:* నీళ్లొచ్చే సమయంలో సంపులోకి వెళ్లే వాల్వ్‌ను, నేరుగా నల్లా నీళ్లొచ్చే ట్యాప్‌లుంటే వాటినీ పూర్తిగా మూసేయండి. మీటరు మీద అంకెల పక్కన చిన్న చక్రం లేదా నక్షత్రం లాంటి ముల్లు ఉంటుంది. అన్నీ మూసినా అది తిరుగుతుంటే మీటరు తర్వాతి పైపులో లీకేజీ ఉన్నట్టే.

*2. సంపు:* నీటి సరఫరా లేనప్పుడు, మోటారు ఆపి, సంపులో నీటి మట్టం దగ్గర గుర్తు పెట్టండి. ఏడెనిమిది గంటల తర్వాత చూడండి. మట్టం తగ్గితే గోడల్లోనో అడుగునో పగులు ఉండొచ్చు. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పున్న సంపులో ఒక్క సెంటీమీటరు తగ్గిందంటే 40 లీటర్లు పోయినట్టు. కొలవడానికి పైనుంచి కర్ర దించితే చాలు. సంపులోకి మాత్రం దిగొద్దు. లోపల గాలి ఆడకపోతే ప్రాణాలకే ప్రమాదం.

*3. పైన ట్యాంకు నుంచి కిందికి:* రాత్రి పడుకునే ముందు ట్యాంకు నింపి, మోటారు ఆపి, మట్టం గుర్తు పెట్టుకోండి. ఎవరూ నీళ్లు వాడకుండా చూసి తెల్లారి మళ్లీ చూడండి. వెయ్యి లీటర్ల గుండ్రటి ట్యాంకులో సెంటీమీటరు తగ్గితే సుమారు 10 లీటర్లు. తగ్గినట్టు తేలితే మరుసటి రాత్రి ట్యాంకు కింద ఉన్న వాల్వ్ కూడా మూసి చూడండి. అప్పుడూ తగ్గితే లోపం ట్యాంకులోనో ఆ వాల్వ్‌లోనో ఉంది. తగ్గకపోతే ఇంటి లోపలి పైపులు, ట్యాప్‌లు, ఫ్లష్ ట్యాంకుల్లో ఉంది.

ఈ మూడింటితో వెతకాల్సిన చోటు చాలావరకు తేలిపోతుంది. ప్లంబర్‌ను పిలిచినా ఎక్కడ పడితే అక్కడ గోడ పగలగొట్టే అవసరం రాదు.

ట్యాప్ నుంచి చుక్కలు పడుతుంటే?

ముందు ఎంత పోతోందో కొలవండి. పది నిమిషాలు గ్లాసు పెడితే 150 మిల్లీలీటర్లు వచ్చాయనుకుంటే రోజుకు 21 లీటర్లకు పైగా పోతున్నట్టు.

ట్యాప్‌లు ప్రధానంగా రెండు రకాలు. నాలుగైదు చుట్లు తిప్పితే మూతపడే పాత రకంలో లోపల రబ్బరు వాషర్ ఉంటుంది. అది అరిగితే చుక్కలు పడతాయి. ఆ ట్యాప్‌కు వెళ్లే వాల్వ్ మూసి, పై భాగం స్పానర్‌తో విప్పి, పాత వాషర్‌ను షాపులో చూపించి అదే సైజుది తెచ్చి మార్చాలి.

పావు చుట్టు తిప్పితే చాలనే కొత్త రకంలో వాషర్ బదులు లోపల సిరామిక్ పలకలున్న స్పిండిల్ ఉంటుంది. బోరు నీటిలోని ఉప్పు పేరుకుపోయినా సరిగ్గా మూతపడదు. పైపైన ఉప్పు పడితే వెనిగర్‌లో కాసేపు నానబెట్టి కడిగి చూడండి. అయినా ఆగకపోతే స్పిండిల్ మార్చాలి. ఇవి కంపెనీని బట్టి సైజు మారతాయి కాబట్టి పాతది చేత్తో పట్టుకెళ్లండి.

ట్యాప్ గోడలోకి వెళ్లే చోట కారుతుంటే లోపం టెఫ్లాన్ టేపుది. ట్యాప్ విప్పి, పాత టేపు పూర్తిగా తీసేసి, మరలున్న కొస మీ వైపు ఉంచుకుని గడియారం ముల్లు తిరిగే దిశలో గట్టిగా చుట్టాలి. ఎదురు దిశలో చుడితే బిగించేటప్పుడు టేపు ఊడిపోతుంది. ప్లాస్టిక్ మరలైతే బలంగా బిగించొద్దు, లోపలి ఎల్బో పగిలితే గోడ తవ్వాల్సి వస్తుంది.

ఫ్లష్ ట్యాంకు లోపల కారుతోందని ఎలా తెలుసుకోవాలి?

ట్యాంకు మూత తీసి లోపల కొద్దిగా ఫుడ్ కలర్ గానీ, కాఫీ పొడి కలిపిన నీళ్లు గానీ పోయండి. ఇరవై నిమిషాలు ఫ్లష్ చేయొద్దు. కమోడ్‌లోకి రంగు దిగితే లీకవుతున్నట్టే.

కారణాలు సాధారణంగా రెండు. ట్యాంకు అడుగున ఫ్లష్ వాల్వ్‌కుండే రబ్బరు రింగు గట్టిపడిపోవడం ఒకటి. నీటిని ఆపాల్సిన ఫ్లోట్ ఎత్తు ఎక్కువగా ఉండి, నీరు మధ్యలో ఉన్న గొట్టంలోకి పొర్లడం రెండోది. మొదటిదానికి యాంగిల్ కాక్ కట్టేసి, ట్యాంకు ఖాళీ చేసి, రింగు తీసి కడిగి చూడాలి. అరిగితే మార్చాలి. రెండోదానికి ఫ్లోట్‌ను కిందికి దించితే చాలు. నీటి మట్టం ఆ గొట్టం అంచుకు రెండు సెంటీమీటర్లయినా కింద ఉండాలి.

కొత్త రింగు తెచ్చేదాకా యాంగిల్ కాక్ కట్టి ఉంచి, అవసరమైనప్పుడే తెరవండి. నష్టం అక్కడికక్కడే ఆగుతుంది.

ట్యాంకు పొంగిపోతుంటే?

పైన ట్యాంకులో, సంపులో నీరు నిండగానే ఆపేది బాల్ వాల్వ్. బంతిలోకి నీరు చేరినా, దాని కడ్డీ వంగినా, రబ్బరు అరిగినా అది మూతపడదు. బంతిని చేత్తో పైకెత్తి చూడండి. నీరు ఆగితే కడ్డీ సర్దితే సరిపోతుంది. ఆగకపోతే వాల్వ్ మార్చాలి. పొంగు నీటి గొట్టాన్ని నేరుగా డ్రైనేజీలోకి కలపకుండా కంటికి కనిపించేలా వదిలితే లోపం ఆ రోజే తెలుస్తుంది.

పైపు పగిలితే ఎం-సీల్ సరిపోతుందా?

తాత్కాలికంగా మాత్రమే. రెండు ముద్దలనూ సమానంగా తీసుకుని, రంగు ఒకేలా మారేదాకా కలిపి, పొడిగా ఉన్న పైపు మీదే పెట్టాలి. నీరు కారుతుండగా పెడితే పట్టదు. ట్యాంకు వాల్వ్ మూసి, పైపు తుడిచి, గరుకు కాగితంతో రుద్దాకే పెట్టండి.

శాశ్వతంగా కావాలంటే పగిలిన ముక్క కోసి, కప్లింగ్‌తో కొత్త ముక్క అతకాలి. ఇళ్లలో వాడే లేత పసుపు రంగు సీపీవీసీ పైపుకు సీపీవీసీ సాల్వెంటే వాడాలి. తెల్లటి పీవీసీ పైపుల సాల్వెంట్ దీనికి పనికిరాదు. అతికాక డబ్బా మీద రాసిన సమయం గడిచేదాకా నీళ్లు వదలొద్దు.

సింకు కింద తడి ఉంటే పొడి టిష్యూ కాగితంతో ఒక్కో జాయింటూ తుడుస్తూ రండి. ఎక్కడ తడి అంటితే అక్కడే లోపం. చాలాసార్లు చేత్తో బిగించే ప్లాస్టిక్ నట్టు వదులవడమో, రబ్బరు వాషర్ పక్కకు జరగడమో కారణం.

బాత్రూమ్ నుంచి కింది ఫ్లాట్‌లోకి కారుతోంది.. ఎందుకు?

అపార్టుమెంట్లలో గొడవలకు దారితీసేది ఇదే. టైల్స్ పగలగొట్టించే ముందు కింది ఇంట్లో తడి ఎప్పుడు వస్తోందో రెండు మూడు రోజులు గమనించండి.

- ఎవరూ వాడకపోయినా ఎప్పుడూ తడిగా ఉంటే ట్యాంకు నుంచి వచ్చే నీటి పైపు లీకవుతూ ఉండొచ్చు.
- స్నానం చేశాక మాత్రమే తడి వస్తుంటే నేల టైల్స్ సందులు, నహానీ ట్రాప్ చుట్టూ ఖాళీ, లేదా మురుగు పైపు.
- ఫ్లష్ చేసినప్పుడు మాత్రమే వస్తుంటే కమోడ్ పైపు జాయింట్.

నేల సంగతి తేలాలంటే నహానీ ట్రాప్‌ను గుడ్డతో గట్టిగా మూసి, రెండు మూడు సెంటీమీటర్ల నీరు నిలిపి ఒక రోజు ఉంచండి. కింద తడి పెరిగితే లోపం నేలదే.

టైల్స్ సందుల్లోంచే అయితే పాత గ్రౌట్‌ను గీకి తీసి, ఆరబెట్టి, కొత్తది నింపాలి. వైట్ సిమెంట్ తొందరగా రాలిపోతుంది. ఎపాక్సీ గ్రౌట్‌కు ఖర్చెక్కువైనా ఎక్కువ కాలం నిలుస్తుంది. కింద ఉన్న వాటర్‌ప్రూఫింగ్ పొరే పాడైతే గ్రౌట్ కొంతకాలం ఆపుతుంది తప్ప పూర్తిగా సరిచేయదు.

వాష్ బేసిన్, కమోడ్, గోడ కలిసే మూలల్లో సిలికాన్ సీలెంట్ వేసేటప్పుడు పాతదాని మీదే కొత్తది పూయొద్దు. బ్లేడుతో మొత్తం తీసి, బూజు కడిగి, పూర్తిగా ఆరాక వేయాలి. వేసిన తర్వాత ఒక రోజు తడపకూడదు. బాత్రూమ్‌కు బూజు పట్టని శానిటరీ రకం అడగండి. వెనిగర్ వాసన వచ్చే రకం పాలరాయిని పాడు చేస్తుంది. రాతి పలకలకు న్యూట్రల్ రకం తీసుకోవాలి.

కింది ఇంటి సీలింగ్‌కు పెయింట్, పుట్టీ వేసి మూసేస్తే మరక కొన్నాళ్లు కనిపించదు. నీరు మాత్రం స్లాబులోనే ఉండి లోపలి చువ్వలకు తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన చువ్వ ఉబ్బి కాంక్రీటును నెడుతుంది. పెచ్చులూడి పడేది అందుకే.

డాబా, కిటికీల సంగతి?

డాబా పనికి వానలు మొదలవక ముందు ఎండాకాలమే సరైన సమయం. తడి స్లాబు మీద కోటింగ్ వేస్తే లోపలి తేమ ఆవిరై, పొర బుడగలుగా లేస్తుంది.

ముందు వాన నీరు దిగే గొట్టం దగ్గర ఆకులు, మట్టి తీయండి. నీరు నిలవకపోతే సగం సమస్య ఉండదు. తర్వాత పిట్టగోడ, స్లాబు కలిసే మూలలు, పైపులు దిగే చోట్లు, డిష్ యాంటెనా, ఏసీ స్టాండ్ బోల్టుల చుట్టూ చూడండి. డాబా కారేది ఎక్కువగా ఇలాంటి చోట్లే.

సన్నటి పగుళ్లను శుభ్రం చేసి క్రాక్ ఫిల్లర్ నింపొచ్చు. వెడల్పాటివాటిని వి ఆకారంలో కొద్దిగా తెరిచి, పాలిమర్ కలిపిన సిమెంటు మోర్టార్‌తో పూడ్చాలి. ఆ తర్వాత వాటర్‌ప్రూఫ్ కోటింగ్ రెండు సార్లు వేయాలి. మొదటిసారి నిలువుగా పూస్తే, అది ఆరాక రెండోసారి అడ్డంగా పూయాలి. పిట్టగోడ మీద కూడా అడుగు ఎత్తు వరకు వేస్తే మూలలు గట్టిగా ఉంటాయి.

కింద పెచ్చులూడి చువ్వలు కనిపిస్తుంటే, సీలింగ్ కిందికి జారినట్టుంటే కోటింగ్‌తో సరిపెట్టొద్దు. పరీక్ష కోసం పైన నీరు కూడా నిలపొద్దు. ఐదు సెంటీమీటర్ల నీరు ప్రతి చదరపు మీటరు మీద 50 కిలోల బరువు. ముందు స్ట్రక్చరల్ ఇంజినీర్‌కు చూపించండి.

కిటికీల్లోంచి వాన జల్లు కారితే ఫ్రేముకు, గోడకు మధ్య సందులో బయటి వైపు సీలెంట్ వేయాలి. అల్యూమినియం, యూపీవీసీ స్లైడింగ్ కిటికీల కింది పట్టాలో బయటికి చిన్న రంధ్రాలుంటాయి. పట్టాలో చేరిన నీరు బయటికి పోయేది వాటిలోంచే. వాటిని మూసేస్తే నీరు ఇంట్లోకే పొర్లుతుంది. పుల్లతో దుమ్ము తీసి శుభ్రం చేస్తే చాలు.

కరెంటుతో జాగ్రత్త

ఫ్యాన్, లైటు, స్విచ్ బోర్డు దగ్గర నీరు కారుతుంటే స్విచ్ ఆపితే సరిపోదు. ఆ గదికి వెళ్లే ఎంసీబీ, తెలియకపోతే మెయిన్ ఆఫ్ చేయండి. తడి గోడను చేత్తో ముట్టుకోవద్దు. నేల లేదా ట్యాప్ షాక్ కొడుతుంటే ఎలక్ట్రీషియన్ చూసేదాకా ఆ బాత్రూమ్ వాడొద్దు. ఇంట్లో ఆర్‌సీసీబీ లేకపోతే పెట్టించుకోవడం మంచిది. కరెంటు లీకైతే అది సరఫరాను వెంటనే ఆపేస్తుంది. మీటరు లేదా స్తంభం వైపు సమస్య ఉంటే 1912కు ఫోన్ చేయాలి.

ఎవరి బాధ్యత ఏది?

*జలమండలి:* రోడ్డు మీద పైపు లీకైతే 155313కు ఫోన్ చేయండి. బిల్లు మీద ఉండే క్యాన్ నంబరు, దగ్గరలోని గుర్తు చెప్పి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. సొంతంగా రోడ్డు తవ్వించొద్దు. మీటరు దాటాక ఇంటి లోపలి పైపుల మరమ్మతు మీదే. ఇతర పట్టణాల్లో మీ మున్సిపాలిటీకి ఫిర్యాదు చేయాలి.

నీటికి వాసన వచ్చినా, రంగు మారినా ఆలస్యం చేయొద్దు. సరఫరా ఆగినప్పుడు పైపులో ఒత్తిడి ఉండదు. పక్కన డ్రైనేజీ కారుతుంటే పైపు పగుళ్లలోంచి మురుగు లోపలికి చేరుతుంది. వెంటనే సంపు వాల్వ్ మూసి ఫోన్ చేయండి. ఆ నీటిని తాగడానికి, వంటకు వాడొద్దు. నల్లా పైపుకు నేరుగా మోటారు బిగించినా ఇదే ప్రమాదం, మోటారు లాగేటప్పుడు మురుగు కూడా లోపలికి వస్తుంది. అలాంటి మోటార్లను జలమండలి స్వాధీనం చేసుకుని జరిమానా వేస్తోంది.

*అపార్టుమెంట్:* సాధారణంగా డక్టులోని ఉమ్మడి పైపులు, డాబా, సంపు సంఘం బాధ్యత. ఫ్లాట్ లోపలి బాత్రూమ్, ట్యాప్‌లు యజమాని బాధ్యత. మీ సంఘం బైలాస్‌లో ఎలా రాశారో చూడండి. పై ఫ్లాట్ వాళ్లతో వాదనకు దిగే ముందు తేదీ కనిపించేలా ఫొటోలు తీసి, సంఘానికి రాతపూర్వకంగా ఇవ్వండి. నీరు నిలిపే పరీక్షను రెండు ఇళ్ల వాళ్ల ముందే చేయిస్తే ఎవరి తప్పో గొడవ లేకుండా తేలుతుంది.

*బిల్డర్:* రెరాలో నమోదైన ప్రాజెక్టులో కొన్నారా? ఫ్లాట్ అప్పగించిన తేదీ నుంచి ఐదేళ్లలోపు నిర్మాణంలో, పనితనంలో, నాణ్యతలో లోపం బయటపడి మీరు తెలియజేస్తే, 30 రోజుల్లోగా ఉచితంగా సరిచేయాల్సిన బాధ్యత ప్రమోటర్‌దే. రెరా చట్టంలోని 14వ సెక్షన్ ఈ విషయం చెబుతోంది. సరిచేయకపోతే పరిహారం కోరవచ్చు. ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా ఈమెయిల్ లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఐదేళ్లు దగ్గర పడుతుంటే ఈ వానాకాలమే అన్ని గదులూ ఒకసారి చూసుకోవడం మంచిది.

ప్లంబర్‌ను ఎప్పుడు పిలవాలి?

వాషర్, టెఫ్లాన్ టేపు, ఫ్లష్ రింగు, బాల్ వాల్వ్, సిలికాన్.. ఇవి ఎవరైనా ప్రయత్నించవచ్చు. గోడ లోపలి పైపు, గీజర్ కనెక్షన్లు, కమోడ్ కింది జాయింట్, సంపు పగుళ్లు మాత్రం పనివాళ్లకే వదిలేయండి. వచ్చినవాళ్లు నేరుగా "పైన కెమికల్ కొట్టేద్దాం" అంటే, నీరు ఎక్కడి నుంచి వస్తోందో ముందు చూపించమని అడగండి.

మరమ్మతు పూర్తయ్యాక పైన ట్యాంకుకు చేసిన రాత్రి పరీక్షను మరోసారి చేయండి. తెల్లారి మట్టం రాత్రి పెట్టిన గుర్తు దగ్గరే ఉంటే పని సరిగ్గా జరిగినట్టు. పనివాళ్లకు పూర్తి డబ్బు అప్పుడే ఇవ్వండి.